జవాబుగా ఒక్క గుండు

కివి లేక్, ఉత్తర మిషిగన్
ఆగస్టు 20, 1961

బావా,

ఈ కబురు నువ్వు నా నోటే వినాలి. విల్హో బాబాయి నాకంటే ముందు కార్డు రాసి పడేస్తాడేమోనని, భోజనం కూడా మానేసి కూర్చున్నాను. తుపాకీ కొన్నాను. కొత్తది, సెమీ ఆటోమాటిక్. మీట నొక్కితే ఒక గుండు పేలుతుంది, ఖాళీ తూటా తనే బయటికి దూకుతుంది, తర్వాతది తనంతట తనే ఎక్కి కూర్చుంటుంది. మనం మళ్ళీ మీట నొక్కడమే. బోల్టు లాగడాలూ తోయడాలూ లేవు.

నవ్వుతావని తెలుసు, నవ్వు. మన వేట గుడిసెలో ఇంతవరకు అలాంటిది అడుగుపెట్టలేదు. కానీ నా కుడిచేతికి బొటనవేలు లేదన్న సంగతి నీకు నేను గుర్తుచెయ్యనక్కర్లేదు. రంపపు మిల్లులో అది తెగిపోయిన రోజు నన్ను భుజాన వేసుకుని పరుగెత్తింది నువ్వే. పోయినేడు వంకరకొమ్ము దుప్పి నా ఎదుట నిలబడింది. మొదటి గుండు తప్పింది. రెండోది ఎక్కించడానికి నేను బోల్టుతో కుస్తీ పడుతుంటే, అది నన్ను తీరిగ్గా ఓసారి చూసి, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నా చొక్కా అంచు కోసిందీ నువ్వే. గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి, పేరు రాసి, గుడిసె గోడకి మేకు కొట్టడం మనవాళ్ళ పద్ధతి, కాదనను. మా నాన్న గుడ్డ కూడా ఉంది అక్కడ. కాని బావా, మిగతావాళ్ళు చూపు తప్పి తప్పారు, నేను వేలు లేక తప్పాను. అందరితో పాటు నవ్వాను గాని నా నవ్వు నాకే వినబుద్ధి కాలేదు. ఈ ఏడూ అంతే అయితే, ఇక పొయ్యి ముందు కూర్చుని మీ అందరికీ గంజి కలిపే మనిషినైపోతాను. ఇంకా నలభై రెండేళ్ళవాణ్ణి, నాకా ఉద్యోగం వద్దు.

నాన్న తుపాకీ నువ్వు తీసుకో. నా చేతికి అది ఇక లొంగదు. బయటివాళ్ళకి ఇస్తే ఆయన సమాధిలోంచి లేచివస్తాడు. నువ్వు మా హెల్వీ అక్క మొగుడివి, నీ దగ్గరుంటే మా ఇంట్లో ఉన్నట్టే. బరువైన తలుపు ధడాలున వేసినట్టుండే దాని మోత కొండ అవతల నుంచి వినపడినా నాది అని చెప్పగలను.

ఇల్మీ మాట్లాడటం లేదు. పెళ్ళాం మాట్లాడటం లేదంటే ఒప్పుకున్నట్టే.

నీ
తౌనో


డెట్రాయిట్
సెప్టెంబరు 9

ఒరే బామ్మర్దీ,

నవ్వమన్నావు కదా, నవ్వాను. మీ అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఎవరు పోయారు?" అని అడిగింది. అదీ నా నవ్వు సంగతి.

నీ తుపాకీ నాకు బాగా తెలుసురా. ఇక్కడ ఫ్యాక్టరీలో రోజంతా నేను చేసేది అదే. కారు నా ముందుకొస్తుంది, తలుపు బిగిస్తాను, పోతుంది, ఇంకోటి తనే వచ్చి నిలబడుతుంది. నన్ను దీన్నుంచి కాపాడేది ఏటా నవంబరులో వచ్చే ఆ రెండు వారాలే. నువ్వేమో అదే యంత్రాన్ని తీసుకెళ్ళి అడవిలో పెడుతున్నావు. సరే, నీ చెయ్యి సంగతి వేరు. ఎవడైనా నీ వెనకాల నవ్వితే నేను చూసుకుంటాను. నీ ఎదుటే నవ్వే హక్కు మాత్రం నాది.

మామయ్య తుపాకీ నాకిస్తానన్నావు. ఆ మాట మీ అక్కకి పైకి చదివి వినిపించాను. ఇక్కడివాళ్ళు ఏటా, "ఏం రేనో, ఈసారైనా కొట్టావా, ఊరికే వెళ్ళి తాగొచ్చావా?" అని తినేస్తారు. నాలుగేళ్ళుగా ఒట్టి చేతులతో జలసంధి వంతెన దాటి వస్తున్నాను. వంతెన కట్టకముందు పడవ కోసం కార్ల వరసలో పడుకునైనా వచ్చేవాళ్ళం, అప్పుడు ఏదో ఒకటి దొరికేది. ఆ తుపాకీతోనైనా నా రాత మారుతుందేమో చూద్దాం.

ఒక్క మాట. వంకరకొమ్ము నీది. నా ముందుకొచ్చి నిలబడి పేరు చెప్పుకున్నా నేను తుపాకీ ఎత్తను.

ఇంకో మాట, ఇది నవ్వులాటకి కాదు. నువ్వు బీవర్లు చెట్లు కొరికి వాగుకి అడ్డంగా పేర్చిన కట్ట దాటి చిత్తడిలో ఒంటరిగా కూర్చుంటావు. ఆపదొస్తే మూడు గుండ్లు పేల్చడం అడవి పద్ధతి. నీ కొత్త యంత్రంతో మూడు గుండ్లు ఒక్క తుమ్ములో అయిపోతాయి. నీకు కాలు విరిగిందో, తుపాకీతో ఆడుకుంటున్నావో నాకెలా తెలిసేది? ఆలోచించు.

రేనో


కివి లేక్
అక్టోబరు 8

బావా,

నిన్న కంకర గోతిలో కొత్తదాన్ని పరీక్షించాం. విల్హో బాబాయి పెద్దమనిషిగా వచ్చాడు. ఇల్మీ పాత రేకుపళ్ళెం ఒకటి ఇచ్చింది. "ఇది చిల్లులు పడకుండా తిరిగొస్తే నువ్వు గోతిలోనే పడుకో" అంది.

చెప్తే గొప్పలంటావు గాని, చెప్తాను. మొదటి గుండు పళ్ళెం అంచుని తాకింది. భుజానికి తగిలే దెబ్బ నాన్న తుపాకీతో సగం కూడా లేదు. కన్ను గురి మీంచి కదలకముందే రెండోది సిద్ధంగా ఉంది. రెండో గుండు, మూడో గుండు నడిమధ్యన పడ్డాయి. చెయ్యి ఎక్కడికీ పోలేదు బావా, ఉన్నచోటే ఉంది. నా బొటనవేలు లేదన్న సంగతి ఆ కాసేపు ఆ తుపాకీకి తెలియదు. నాకూ గుర్తు లేదు. పళ్ళెం తెచ్చి ఇల్మీ ముందు పెడితే, చిల్లులోంచి నన్ను చూసి, "బానే ఉంది, ఇప్పుడు మేకపిల్లలా గెంతడం ఆపి కట్టెలు తెచ్చిపెట్టు" అంది. ఇంత సంతోషం నాకు ఈ మధ్య లేదు.

దూకిన ఖాళీ తూటాల్లో ఒకటి బాబాయి కాఫీ గ్లాసులో పడింది. "కక్కే తుపాకీ" అని దానికి పేరు పెట్టాడు. అయినా వేట ముందురోజు సాయంత్రం మామూలుగానే తుపాకీలన్నిటికీ సౌనాలో ఆవిరిస్నానం చేయించి తనే నూనె పూస్తానన్నాడు. "ముసలివాటికి చేసిందే దీనికీ, మాలోకి వచ్చాక మాలాగే ఉండాలి" అన్నాడు. కొత్తకోడలికి చేసినట్టు చేస్తాడు చూడు.

నువ్వడిగినదానికి ఆలోచించాను. ఆపదైతే పేలుడికీ పేలుడికీ మధ్య పది లెక్కపెడతాను. దుప్పిని చూసి పది లెక్కపెట్టేవాడు ఎక్కడా ఉండడు, కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. నువ్వు విన్నావంటే జవాబుగా ఒక్క గుండు పేల్చు. వస్తున్నానని అర్థం. నాన్న తుపాకీ మోత వినపడితే నేనిక గుండ్లు దండగ చెయ్యకుండా కదలకుండా కూర్చుంటాను. అందరికంటే నాకు దగ్గర్లో ఉండేది నువ్వే.

తౌనో


డెట్రాయిట్
నవంబరు 2

తౌనో,

మూడుకి జవాబు ఒకటి. పది లెక్క. గోడ మీద రాసిపెట్టుకున్నాను, మీ అక్క చూసి ఇదేం జూదం అని అడిగింది. ఏం చేస్తున్నా సరే, ఎంత పెద్ద కొమ్ములు ఎదురుగా ఉన్నా సరే, వదిలేసి వస్తాను. మాట.

హెల్వీ ఏలకుల రొట్టెలు చేసి కట్టి ఇస్తానంటోంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి సగం నేను తినేస్తాను, ముందే చెప్తున్నా.

రేనో


డెట్రాయిట్
డిసెంబరు 6

తౌనో,

ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూర్చున్నప్పుడు అన్నీ చెప్పలేకపోయాను. నువ్వు మందు మత్తులో ఉన్నావు, ఇల్మీ నావైపు చూడనే లేదు. చలికి చచ్చుబడిన ఎడమపాదం వేళ్ళు తీసేశారని మీ అక్కకి చెప్పగానే గంటసేపు ఏడ్చింది. విరిగిన చీలమండ అతుక్కుంటుందని డాక్టరు నాతో కూడా అన్నాడు. ఆ మాటే నమ్ముకుని ఉందాం.

ఎవరు అడిగినా నేను ఒకటే చెప్తున్నాను. నీ తుపాకీ మోత విన్నాను. అబద్ధమాడను. కాని అది పట్ పట్ పట్ మని ఒక్క తుమ్ములో అయిపోయింది. వీడికి దుప్పి కనపడింది, కొత్త యంత్రంతో చెలరేగిపోతున్నాడు అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. బీవర్ల కట్ట మీద దుంగ దొర్లి, రెండు దుంగల మధ్య కాలు ఇరుక్కుని, మోకాలి లోతు మంచునీళ్ళలో నువ్వు పడి ఉన్నావని నేనెలా అనుకుంటానురా? చీకటిపడ్డా కాఫీకి రాలేదని బాబాయి లాంతరు పట్టుకుని బయల్దేరాడు గనక సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తల్చుకోలేను.

నీ తప్పని అనను. భయంలో పది లెక్కపెట్టడం ఎవరికి గుర్తుంటుంది? ఆ తుపాకీ అలాంటిది. అందుకే నేను మొదట్నుంచీ చెప్తూ వచ్చాను.

వంకరకొమ్ము సంగతి నీకు బాబాయి చెప్పే ఉంటాడు. నాకు ఎదురైంది. ఏం చెయ్యమంటావు, చెయ్యి ఆగలేదు. కొమ్ములు నీకే పంపిస్తాను, అడిగితే.

రేనో


కివి లేక్
జనవరి 14, 1962

బావా,

ఇంటికి వచ్చాను. కర్రతో వంటింటి దాకా నడుస్తున్నాను. మిల్లువాళ్ళు నా చోట ఇంకొకర్ని పెట్టుకున్నారు, అక్కడివాళ్ళెవరూ నన్నింక దుంగల మీద ఎక్కనివ్వరు. అది నేను ఊహించిందే.

ఊళ్ళో అందరూ తుపాకీదే తప్పంటున్నారు. బాబాయి అయితే దాన్ని చెరువులో పారేస్తానని ఇల్మీని అడిగాడు. నాకూ అనుమానమేస్తోంది. చలికి ఒళ్ళు కొయ్యబారిపోయింది, పది లెక్కపెట్టానో లేదో ఒట్టేసి చెప్పలేను. నువ్వే చెప్పాలి. దగ్గర్లో ఉన్నది నువ్వే. ఆ మూడూ నీకు సరిగ్గా ఎలా వినిపించాయి? వంకరకొమ్మును ఎప్పుడు కొట్టావు, అంతకు ముందా, తర్వాతా? ఇంట్లో కూర్చుని చేసే పని లేదు, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో. నీ నోట వింటే నిద్ర పడుతుంది.

కొమ్ములు వద్దు.

తౌనో


డెట్రాయిట్
జనవరి 27

తౌనో,

నీ మనశ్శాంతి కోసం చెప్తున్నాను, విను. మధ్యాహ్నం దాటాక. మూడూ కలిసి ఒకే మోతలా వినిపించాయి. నడుమ ఊపిరి పీల్చుకునేంత సందు కూడా లేదు. హెల్వీ మీద ఒట్టు. నీ వేలే మీట మీద బిగుసుకుపోయి ఉంటుంది, చలికి అలా అవుతుంది. దాన్ని తల్చుకుని నిన్ను నువ్వు తిట్టుకోకు.

వంకరకొమ్మును తెల్లవారగానే కొట్టాను, నువ్వు పడడానికి చాలా ముందు. బాబాయి అవతలి గట్టున ఉన్నాడు, ఆయనకి వినపడి ఉండదు. నీకూ గాలి అడ్డం కదా. రోజంతా దాన్ని శుభ్రం చేసి లాక్కురావడంతోనే సరిపోయింది.

తుపాకీని అమ్మెయ్యరా. ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా బాధే.

నీ బావ


కివి లేక్
ఫిబ్రవరి 11

రేనో,

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, ఇల్మీకి కూడా. సిగ్గేసి చెప్పలేదు. ఆగస్టు నుంచి ఆ తుపాకీ గురించి ఊరంతా గొప్పలు చెప్పుకు తిరిగానా, తీరా అవసరం వచ్చినప్పుడు అది పనిచెయ్యలేదు.

మొదటి గుండు పేలింది. అంతే. ఖాళీ తూటా బయటికి రాలేదు, రెండోది ఎక్కలేదు. మొన్న షాపువాణ్ణి అడిగితే తేలిగ్గా చెప్పాడు. సౌనా ఆవిరిలో ఉంచిన తుపాకీని తెల్లారి గడ్డకట్టే చలిలోకి తీసుకెళ్తే లోపలి తేమంతా మంచై బిగుసుకుంటుందట. నాన్న తుపాకీలాంటి మొరటువాటికి అది లెక్క కాదు, తనంతట తను కదలాల్సిన వాటికి లెక్కే. బాబాయి ప్రేమగా చేయించిన స్నానం అది. ఆయనకి చెప్పను.

అందుకని రెండో గుండు చేత్తో ఎక్కించాల్సొచ్చింది. బొటనవేలు లేని చేత్తో. నడుము దాకా తడిసి, కాలు దుంగల మధ్య ఉండగా. తూటా ఎక్కించే పిడిని చొక్కా చేతి మడతలో పట్టుకుని లాగితే జారిపోయింది. తుపాకీని తలకిందులు చేసి, పిడిని దుంగ కొసకి ఆనించి, ఒంటి బరువంతా వేసి తోశాను. అప్పుడు కదిలింది. మూడోదానికి మళ్ళీ అదంతా. ఒక్కో పేలుడికీ మధ్య ఇల్మీ కాఫీ కాచి, తాగి, గిన్నె కడిగి ఉండేది. పది కాదు రేనో, వంద లెక్కపెట్టినా మిగిలేది.

ఒకే మోతలా వినిపించాయన్నావు. ఊపిరంత సందు లేదన్నావు. మా అక్క మీద ఒట్టేశావు.

నీ డిసెంబరు ఉత్తరం చూసినప్పుడే తెలిసింది నాకు. అయినా ఏదో పొరపాటు పడ్డాడేమో, గాలి వల్ల అలా వినపడిందేమో అని నీ తరఫున నేనే వాదించుకున్నాను. అందుకే మళ్ళీ అడిగాను. అనుమానంగా ఉందని అబద్ధమాడి నీకు దారి వదిలాను. సరిగ్గా తెలియదురా అని ఒక్క మాట రాసి ఉంటే చాలు, నమ్మేసేవాణ్ణి.

ఇంకొకటి కూడా ఉంది. మూడో గుండు పేల్చాక కాసేపటికి నాకు జవాబు వచ్చింది. ఒక్కటి. బరువైన తలుపు ధడాలున వేసినట్టు. నాన్న తుపాకీ. తెల్లవారగానే కాదు, మధ్యాహ్నం దాటాక, నేను నీళ్ళలో ఉండగా. వినగానే ఏం చేశానో తెలుసా? ఏడ్చాను. సంతోషంతో. బావ వస్తున్నాడు అని పైకే అన్నాను. మిగిలిన గుండు పేల్చకుండా దాచాను, అనుకున్న ప్రకారం కదలకుండా కూర్చున్నాను. నువ్వు వచ్చేటప్పుడు కట్ట మీద ఆ దుంగ తొక్కకూడదు కదా, ఎలా హెచ్చరించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. బాబాయి లాంతరు కనపడినప్పుడు కూడా నువ్వే అనుకుని నీ పేరే పిలిచాను.

ఆ జవాబు వినకపోయి ఉంటే నేను ఆ నాలుగో గుండు కూడా పేల్చేవాణ్ణి. కేకలేసేవాణ్ణి. బాబాయికి వినపడేదేమో. వేళ్ళు మిగిలేవేమో.

ఆ గుండు ఎవరికి జవాబు రేనో?

తౌనో


డెట్రాయిట్
మార్చి 18

తౌనో,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం.

విన్నాను. మొదటిది విన్నాను. రెండోది చాలాసేపటికి వినపడింది, అప్పుడే నాకు తెలిసిపోయింది. లేచాను కూడా, ఒట్టు వెయ్యను, వేసే అర్హత లేదు. లేచేసరికి వంకరకొమ్ము నీ చిత్తడి వైపు నుంచి వచ్చి నా ముందు నిలబడింది. నీ మోతకి బెదిరి వచ్చిందనుకుంటా. ఊరికే నిలబడింది. కదిలితే పోతుంది. మూడోది కూడా వినపడింది. ఒక్క నిమిషం, కొట్టేసి పరుగెత్తుతాను అనుకున్నాను. ఫ్యాక్టరీలో వాళ్ళ మొహాలే కళ్ళముందు ఉన్నాయి.

కొట్టాక అది పడలేదు. గాయంతో కొండ వైపు పరుగెత్తింది. అప్పుడు తట్టింది నాకు, నేను పేల్చిన ఒక్క గుండు నీకు జవాబుగా వినపడి ఉంటుందని. వాడు ధైర్యంగా కూర్చుని ఉంటాడులే, దీన్ని పట్టుకుని వెళ్ళొచ్చు అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను. దొరికేసరికి మసకపడింది. ఈపాటికి తనే నడిచి వెళ్ళి ఉంటాడనుకున్నాను. తర్వాత బాబాయి నిన్ను మోసుకొస్తుంటే చూశాను. ఆ క్షణంలో నోట్లోంచి వచ్చిన అబద్ధం అది. నీ తుపాకీ మీదికి తోసెయ్యడం ఎంత తేలికైందో. అందరూ అంతకు ముందే దాన్ని చూసి నవ్వుతున్నారు కదా, నమ్మేశారు.

కొమ్ములు గోడ మీంచి తీసేశాను. హెల్వీ ఎందుకని అడిగింది, చెప్పలేకపోయాను.

క్షమించమని అడిగే మొహం లేదు. ఒక్కటి చేశాను. ఆ రోజు వేసుకున్న చొక్కా అంచు నేనే కోసుకున్నాను, పేరు రాశాను, ఇందులో పెట్టాను. గుడిసె గోడకి మేకు కొట్టు. మామయ్య గుడ్డ పక్కన కాదు, ఎక్కడో ఒక మూల. ఏటా వచ్చినవాళ్ళందరూ చూసి నవ్వనీ. ఎందుకని అడిగితే నేనే చెప్తాను, అందరి ముందూ. ఈ నవంబరులో రానిస్తే.

రేనో


కివి లేక్
ఏప్రిల్ 22

రేనో,

మంచు కరిగింది. నిన్న బాబాయి బండిలో గుడిసెకి తీసుకెళ్ళాడు. పొయ్యి వెలిగించి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. గంజి కలిపాను, ఆయన తిన్నాడు. బాగుందన్నాడు.

దారిలో కంకర గోతి దగ్గర ఆగాం. కర్రకి ఆనుకుని నిలబడి కొత్త తుపాకీ పేల్చాను. ఎండలో అన్నీ వరసగా పేలాయి, ఒక్కటీ ఆగలేదు. దాన్ని అమ్మను. నాతో అబద్ధమాడనిది అదే.

అక్కకి నేను చెప్పను. ఒట్టు ఆమె మీద వేశావు కాబట్టి ఆమెకి చెప్పాల్సింది నువ్వే. చెప్పావో లేదో ఆమె ఉత్తరం చూస్తే నాకు తెలుస్తుంది. ఆమె ఎప్పుడు వచ్చినా ఈ ఇల్లు ఆమెదే.

నాన్న తుపాకీ నీ దగ్గరే ఉంచుకో. ఆయన వస్తువు, తిరిగి అడగాలనే అనుకున్నాను. కాని దాని మోత ఈ అడవిలో మళ్ళీ వినపడితే నేను ఇంట్లో ఉన్నా లేచి నిలబడతాను, ఎవరో వస్తున్నారని. అది నా వల్ల కాదు.

నీ చొక్కా అంచు గుడిసెకి తీసుకెళ్ళాను. మేకు, సుత్తి కూడా పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. నాన్నది, బాబాయిది, నాది, అన్నీ చూశాను. చివరికి మేకు మళ్ళీ డబ్బాలో వేసేశాను. నీ గుడ్డ ఇందులో వెనక్కి పంపుతున్నాను. ఆ గోడ మీద ఉన్నవన్నీ గురి తప్పినవాళ్ళవి. నువ్వు గురి తప్పలేదు.

తౌనో